మొదటి పుస్తకం, రెండు వందల పన్నెండో పేజీ నుంచి

కృష్ణా పుష్కరాలు అయిన మరుసటి ఏడాది మార్చి ఆఖరు వారంలో నన్ను కూచిపూడి దగ్గరి ఒక గ్రామశాఖ నుంచి విజయవాడ భవానీపురంలోని శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. అప్పటికి నేను గ్రేడు-2 లైబ్రేరియన్‌ని. గ్రేడు-1 కావలసింది. ఎందుకు కాలేదో చెప్పకుండా ముందుకు వెళ్లడం నా వల్ల కాదు కనుక ఆ సంగతి ముందు చెబుతాను.

ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన తేదీతో పాటు పూట కూడా రాస్తారు. మధ్యాహ్నం లోపు చేరితే పూర్వాహ్నం, తరవాత చేరితే అపరాహ్నం. నేను చేరిన రోజు పదిన్నరకే కార్యాలయం మెట్ల మీద నిలబడి ఉన్నాను. కాగితం పుచ్చుకోవలసిన గుమాస్తా వన్ టౌన్‌లో సొంత పని చూసుకుని రెండు గంటలకు వచ్చి, నా పేరు ఎదురుగా "అపరాహ్నం" అని రాశాడు. అదే రోజు మరో చోట పూర్వాహ్నం చేరినావిడ సీనియారిటీ జాబితాలో నాకు పైన నిలబడింది. ఇరవై ఆరేళ్ల తరవాత ఒకే ఒక్క ఖాళీ వచ్చినప్పుడు అది ఆమెకు వెళ్లింది. ఆ ఒక్క మాట మార్చమని నేను పెట్టిన అర్జీలు పదకొండు. నకళ్లన్నీ నా దగ్గర ఉన్నాయి.

భవానీపురం శాఖ కృష్ణ ఒడ్డుకు రెండు వీధుల ఇవతల, ఒక అద్దె ఇంటి మేడ మీద ఉండేది. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. శుక్రవారం సెలవు. పన్నెండు ఇనుప బీరువాలు, రెండు పొడుగు బల్లలు, ఎడమ చెయ్యి విరిగిన ఒక కుర్చీ. ఆ కుర్చీ నాది. మార్చమని రాశాను. మార్చలేదు.

నేను చేరిన నెలకే జిల్లా కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. తెలుగులో చాలా పెద్ద రచయిత ఒకాయన జయంతి ఆ ఏడు జరుపుతున్నారు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి పత్రికలో రాస్తే ఆయన అభిమాని ఒకరు నా వాక్యంలో తప్పు పట్టి రెండు పేజీల ఉత్తరం పంపారు. ఆ ఉత్తరం కూడా దాచాను. సర్క్యులర్‌లో ఉన్నది ఇది: ప్రతి శాఖా పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పాఠకులను కనీసం అయిదుగురిని గుర్తించి, వేసవి సెలవుల్లో వారిచేత "సదరు రచయిత మొదటి పుస్తకము" చదివించి, జతపరచిన నమూనాలో నివేదిక పంపవలెను.

మొదటి పుస్తకం అంటే ఏది? ఆయన మొదట రాసిందా, పాఠకుడు మొదట చదవవలసిందా? ఆయన మొదట రాసింది ఇరవై ఏళ్ల వయసులో అచ్చువేసుకున్న పద్యకావ్యం. ప్రతిపదార్థం లేకుండా నాకే నడవదు. ఈ సందేహం తీర్చమని మూడు వాక్యాల ఉత్తరం రాసి, తపాలా రిజిస్టర్‌లో నెంబరు వేసి పంపాను. జవాబు రాలేదు. నేటికీ రాలేదు.

జవాబు రానప్పుడు లైబ్రేరియన్ తన బుర్ర వాడాలి. పుస్తకాన్ని ఎంతమంది తీసుకున్నారో వెనక అట్టకు అంటించిన తేదీ చీటీ చెబుతుంది. ఎంతమంది చదివారో అది చెప్పదు. అది తెలియాలంటే పుస్తకాన్ని మూసి, వీపు కాకుండా, పేజీలు విడివడే అంచును చూడాలి. చేతులు పడిన పేజీల అంచు మాసి బూడిదరంగుకు తిరుగుతుంది. పడనివి తెల్లగా ఉంటాయి. కవి పండితులందరూ పొగిడిన పుస్తకాల్లో నలుపు ఎక్కడ ఆగిందో చూస్తే జనం ఎక్కడ ఆగారో తెలుస్తుంది. ఈ పద్ధతి ఏ శిక్షణలోనూ చెప్పరు. నేను కనిపెట్టింది. ఎవరూ గుర్తించలేదు.

ఆ రచయిత పుస్తకాలు మా శాఖలో ఏడు ఉండేవి. అందులో అందరికీ తెలిసింది ఆయన పెద్ద నవల, ఆరు వందల పేజీలు. దాని అంచు మొదట అగ్గిపుల్ల మందం మేర నల్లగా ఉండి, అక్కడి నుంచి అట్ట దాకా పాలలా తెల్లగా ఉండేది. తేదీ చీటీ మాత్రం నిండిపోయి, దాని మీద రెండోది అంటించారు. అందరూ తీసుకున్నారు, అందరూ నలభయ్యో పేజీ దగ్గర దిగిపోయారు.

మే రెండో వారంలో ఒక సాయంత్రం ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని మేడ ఎక్కింది. ఆవిడ పేరు నాంచారమ్మ. బందరు అవతల సముద్రపు ఊరి నుంచి వచ్చి, మా వీధి మలుపులో బల్ల వేసుకుని చేపలు అమ్మేది. బుట్ట మెట్ల దగ్గర వదిలి వచ్చినా వాసన వెంట వచ్చింది. పేపర్లు చదువుతున్న ఇద్దరు కుర్చీలు జరుపుకున్నారు. ఆ అమ్మాయి వాళ్లిద్దరి వంకా చెరోసారి చూసి మొహం తిప్పుకుంది. ఆ చూపు నాకు తెలుసు. మళ్లీ ఎక్కడ కనపడినా గుర్తుపట్టడానికి చూసే చూపు అది.

"దీనికి ఏదో పుస్తకం కావాలంటండీ మేడం గారు" అంది నాంచారమ్మ. "పదో తరగతి అయిపోయింది. జూన్ ఒకటిన కాలేజీ హాస్టల్లో దించేస్తాం. మార్కులొచ్చినయ్యని ఫీజు తగ్గించి సీటిచ్చారు. అక్కడ వాళ్ల పుస్తకాలు తప్ప ఇంకోటి ముట్టనివ్వరంట, పెట్టె కూడా ఎతుకుతారంట. ఈలోపు చదివేసుకోవాలని నా ప్రాణం తీస్తంది."

"అమ్మా, నువ్వూరుకో" అంది ఆ అమ్మాయి. పేరు హారిక, పదిహేనేళ్లు.

ఆ హాస్టళ్ల సంగతి ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున లేపి రాత్రి దాకా చదివిస్తారు. రెండేళ్ల తరవాత బయటికి వచ్చిన పిల్లల్లో మళ్లీ గ్రంథాలయం మెట్లెక్కినవాళ్లను నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టగలను. అంటే ఆ అమ్మాయికి ఉన్నది ఇరవై రోజులు. నేనిచ్చే పుస్తకం కుదిరితే పాఠకురాలు మిగులుతుంది. బెడిసికొడితే ఇంకొకటి ఇచ్చి సరిదిద్దుకునే వ్యవధి లేదు.

సభ్యత్వానికి స్థానికులెవరైనా హామీ సంతకం పెట్టాలి. రోజూ తలుపు తీయకముందే వచ్చి, ఒక పేపరు చదువుతూ రెండోదాన్ని ఎవరూ తీసుకోకుండా కింద పెట్టుకుని కూర్చునే వేంకటేశ్వర్లు మాస్టారు లేచి వచ్చారు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి.

"ఇలా తే అమ్మా, నేను పెడతాను. తెలుగు పుస్తకం అడిగిన పిల్లకి పెట్టక ఇంకెవరికి పెడతాం?" అని సంతకం చేసి, "ఏ పుస్తకం తల్లీ?" అని అడిగారు.

హారిక ఆ రచయిత పేరు చెప్పింది. నాకు సర్క్యులర్ గుర్తొచ్చింది. నమూనాలో నింపవలసిన అయిదుగురిలో ఒకరు కాళ్లతో నడిచి వచ్చారు. ఆయనది ఏది కావాలి అన్నాను. "అదేనండీ, ఆ పడవ..." అని ఆ అమ్మాయి మొదలుపెట్టింది. అంతలో మాస్టారు అడ్డం వచ్చారు. ఆయన వెనక నేను వచ్చాను. ఆ వాక్యం పూర్తి కాలేదు. ఈ జ్ఞాపకంలో నన్ను ఇబ్బంది పెట్టేది అదే.

"ఇంకా అడుగుతారేంటండీ రాజ్యలక్ష్మి గారూ? పెద్ద నవల తీయండి. చదివితే అది చదవాలి. మిగతావన్నీ దాని ముందు చిల్లర సామాను" అన్నారు మాస్టారు.

నేను పెద్ద నవల తీసి, మూసి, అంచు ఆయన కళ్ల ముందు పెట్టాను. "చూడండి మాస్టారూ. ఇక్కడితో ఊరు అయిపోయింది. తరవాత మనిషి సంచారం లేదు."

"జనం బద్ధకానికి ఆయనేం చేస్తాడండీ?"

"బద్ధకస్తుల్లో మీ కార్డు నెంబరు కూడా ఉందేమో చూడమంటారా?"

మాస్టారి మొహం ఎర్రబడింది. నేను చూడలేదు, ఊరికే అన్నాను. పుస్తకం జేబులో ఉండే కార్డు మీద తీసుకున్నవాళ్ల సభ్యత్వ నెంబర్లు రాస్తారు. కానీ ఒక పాఠకుడి నెంబరు ఇంకొకరికి చదివి వినిపించడం మా వృత్తిలో తప్పు. ఆయన తన కుర్చీలోకి వెళ్లి రెండో పేపరు మరింత గట్టిగా కింద అదుముకున్నారు.

నేను ఆ రచయిత పిల్లల కోసం రాసిన కథల పుస్తకం తీశాను. ఎనభై పేజీలు, పెద్ద అక్షరాలు, బొమ్మలు. అంచు మొదటి నుంచి చివరి దాకా ఒకే రంగులో మాసింది. అంటే పట్టుకున్న ప్రతివాళ్లూ పూర్తిచేశారు. నా పద్ధతి ప్రకారం అంతకంటే రుజువు అక్కర్లేదు. తేదీ ముద్ర వేశాను. నమూనా రిజిస్టర్ తెరిచి పేరు, వయసు, పుస్తకం రాసి, "పాఠకుని స్థాయి" అన్న గడిలో ఎర్ర సిరాతో "ఆరంభ స్థాయి" అని రాశాను. అమ్మాయి బల్లకు అటువైపు నిలబడి ఉంది.

మర్నాడు సాయంత్రం పుస్తకం తిరిగి వచ్చింది.

మర్నాడే తిరిగి వచ్చిన పుస్తకాన్ని చదవని పుస్తకంగా లెక్కపెట్టడం మాకు అలవాటు. "ఏమ్మా, బాగాలేదా?" అన్నాను.

"బాగుందండీ. మా చెల్లికి చదివి పెట్టాను. దానికి నచ్చింది" అంది.

"మరి నీకు?"

"నాక్కూడా ఇచ్చారా అండీ?" అని అడిగి, కార్డు తీసుకుని మెట్లు దిగిపోయింది. ఇంకో పుస్తకం అడగలేదు. మాస్టారు పేపరు వెనక దగ్గారు. ఆ దగ్గు దేనికో నాకు తెలుసు.

ఎనిమిది రోజులు ఆ అమ్మాయి రాలేదు. మొదట నాకు కోపం వచ్చింది. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉన్న మనిషి ఆలోచించి ఇచ్చిన పుస్తకాన్ని ఒక్క మాటతో తిప్పికొట్టి వెళ్లడం మర్యాదేనా అని నాలో నేనే అర్జీ రాసుకున్నాను. కానీ తేదీ కనపడుతూనే ఉంది. గోడ మీది క్యాలెండర్‌లో జూన్ ఒకటికి పది రోజులుంది. తొమ్మిదో రోజు ఉదయం, శాఖ మూసి ఇంటికి వెళ్తూ, మలుపులో నాంచారమ్మ బల్ల దగ్గర ఆగాను. నేను చేప తినను. అది ఆవిడకు తెలుసు.

"మీరు చిన్నపిల్లల బొమ్మల పుస్తకం ఇచ్చారంట కదండీ" అంది, కత్తిపీట మీద నుంచి తల ఎత్తకుండా. "మా పిల్లకి పట్టింపు ఎక్కువ. వాళ్ల నాన్న పోలిక."

ఆ పుస్తకం ఎందుకు ఇచ్చానో వివరించబోయాను. ఆవిడ వింటూనే ఒక కొనుగోలుదారుడికి సమాధానం చెప్పింది. అతను ఒక శీలావతి చేప చూపించి కోయమన్నాడు. నాంచారమ్మ కత్తిపీట ముట్టుకోలేదు. "పులుసుకా, వేపుడికా?" అని అడిగింది. వేపుడికి అన్నాక పల్చగా కోయడం మొదలుపెట్టింది.

అతను వెళ్లాక నా వంక చూసింది. "చూశారా అండీ? పులుసుకైతే లావు ముక్క కొయ్యాల. అడక్కుండా కోసేస్తే మళ్లీ అతికిస్తానా? నాకు చదువు లేదనుకోండి. మీరు పెద్ద చదువు చదివారు, మా పిల్లనొక మాట అడిగారా, ఎందుకే నీకు ఆ పుస్తకం అని?"

అడగలేదు. "సాయంత్రం పంపండి" అని మాత్రం అన్నాను.

"పంపితే వచ్చేది కాదండీ అది. మీరు పిలిచారని చెప్తా. రావాలో లేదో దాని ఇష్టం."

వచ్చింది. బల్లకు దూరంగా నిలబడింది. ఎందుకు రావడం మానేశావని అడిగాను.

"మీరు ఆరంభ స్థాయి అని రాశారు కదండీ."

"నీకెలా తెలుసు?"

"ఇటు నుంచి చదివానండీ. తలకిందులుగా."

మాస్టారు పేపరు దించేశారు. ఎనిమిది రోజుల నుంచి ఆ అవకాశం కోసం కాచుకున్నట్టున్నారు. "రాజ్యలక్ష్మి గారూ, తలకిందులుగా చదివే పిల్ల ఆరంభ స్థాయా అండీ? నేను తిన్నగా చదవలేని పిల్లల్ని పై తరగతికి పంపాను!"

నాకు జరిగిన అవమానాలన్నీ తేదీలతో సహా నాకు గుర్తు. నేను చేసినది ఒకటి పది రోజులుగా ఇంకొకరికి గుర్తుందని నాకు తెలియదు. నేను రిజిస్టర్ తెరిచాను. మా రిజిస్టర్లలో ఏదీ చెరపకూడదు, దిద్దకూడదు. తప్పు మాట మీద ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన పొడి సంతకం పెట్టి, సరైనది పైన రాయాలి. కొట్టేసిన మాట కింద కనపడుతూనే ఉండాలి. ఏం మార్చారో రేపు తనిఖీకి వచ్చినవాళ్లకు తెలియడానికి ఆ నియమం. ఆ ప్రకారమే ఎర్ర సిరా మీద నీలం గీత కొట్టాను. పైన ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలాను.

"ఇప్పుడు చెప్పు. ఆయన పుస్తకం నీకెందుకు కావాలి?"

పదో తరగతిలో ఆయన రచన ఒకటి వాళ్లకు పాఠంగా ఉందట. వరదలో రేవు దాటే పడవ. పడవలో ఒకే దావాలో వాది, ప్రతివాది ఇద్దరూ బందరు కోర్టుకు వెళ్తుంటారు. నది మధ్యలో తెడ్డు విరుగుతుంది. పాఠం అక్కడ ఆగిపోతుంది. పడవవాడి ధైర్యాన్ని సొంత మాటల్లో రాయమని కింద ప్రశ్న.

"తెడ్డు విరిగితే గెడ వేస్తారు కదండీ" అంది హారిక. గెడ అంటే అడుగున పొడిచి పడవను తోసే పొడుగాటి కర్ర. "మా తాత ఎప్పుడూ గెడ లేకుండా పడవ తీసేవాడు కాదు. మరి ఆయనెందుకు గెడ వెయ్యలేదో పాఠంలో లేదండీ. టీచర్ని అడిగితే పరీక్షకి అంతవరకే అన్నారు. నాకదే కావాలండీ. గెడ ఏమైందో."

పది రోజుల క్రితం నేను మింగేసిన వాక్యం ఇదే. ఆ ఘట్టం పెద్ద నవలలోది.

మాస్టారు మాకంటే ముందు బీరువా దగ్గరికి వెళ్లి పుస్తకం తీశారు. "ఆ పడవ ఘట్టం నాకు కంఠతా. మొదట్లోనే వస్తుంది, యాభై పేజీల్లోపు" అని తిప్పడం మొదలుపెట్టారు. యాభై దాటారు. నూరు దాటారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ మొదటికి వచ్చారు. నేను పుస్తకం ఆయన చేతిలోంచి తీసుకుని, విషయసూచికలో రేవు అధ్యాయం వెతికి, రెండు వందల పన్నెండో పేజీ తెరిచాను. అక్కడి పేజీలు కొత్త నోటుపుస్తకంలా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి.

మాస్టారు నా బల్ల మీదికి వంగి, మెల్లగా, "మూడుసార్లు మొదలుపెట్టానండీ. మొదట్లో ఆ వంశవృక్షం దాటలేకపోయాను. బయట అనకండి" అన్నారు. ఇప్పుడు రాస్తున్నానంటే ఆయన అనుమతితోనే. పేరు మార్చమని అడిగారు, మార్చాను.

పుస్తకాన్ని మధ్యలోంచి మొదలుపెట్టమని ఏ లైబ్రేరియన్ చెప్పడు. నవలను మొదటి పేజీ నుంచి చదవడం గుడికి ముందు ద్వారం నుంచి వెళ్లడం లాంటి పట్టింపు మనకి. కానీ ఈ అమ్మాయి ముందు ద్వారం దగ్గర లేదు. పాఠ్యపుస్తకం తెచ్చి ఆమెను నది మధ్యలో దించి వెళ్లిపోయింది. అక్కడి నుంచి వెనక్కి తెచ్చి నలభై పేజీల వంశవృక్షం ఎక్కించడం అనవసరం. పాత తేదీ చీటీ ఒకటి రెండు వందల పన్నెండులో పెట్టి, "ఇక్కడి నుంచి చదువు. వెనక కథ కావాలనిపిస్తే అప్పుడు మొదటికి వెళ్లు. అనిపించకపోతే మానెయ్" అన్నాను.

"అలా చదవొచ్చా అండీ?" అని అడిగింది. నా వంక కాదు, మాస్టారి వంక చూసి.

"మేమందరం తిన్నగా చదివి ఏం బాగుపడ్డాం తల్లీ" అన్నారు మాస్టారు.

నాలుగో రోజు పొద్దున్నే, చేతిలో పుస్తకం లేకుండా వచ్చింది. తిన్నగా మాస్టారి దగ్గరికి వెళ్లింది. "గెడ ఆయన దగ్గర లేదండీ! ఆ దావా గెడ మీదేనండీ. వాది నాదంటాడు, ప్రతివాది నాదంటాడు, అందుకని కోర్టువాళ్లు పట్టుకుపోయి సీలేసి పెట్టుకున్నారు. గెడ బందర్లో ఉంది, వాళ్లేమో నది మధ్యలో!" అని చెప్పి నవ్వింది. నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి. మాస్టారు "ఆఁ!" అన్నారు. ముప్ఫై ఏళ్లు ఆ నవలను పాఠాల్లో పొగిడిన మనిషికి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ఈ లోపల నివేదిక పంపే గడువు వచ్చింది. మిగతా నలుగురి వివరాలు మామూలుగా నింపాను. హారిక వరుసలో "చదివించిన మొదటి పుస్తకము" అన్న గడిలో పెద్ద నవల పేరు రాసి, "212వ పేజీ నుంచి" అని చేర్చాను. బొమ్మల పుస్తకం ఆమె చెల్లికి ఇచ్చినట్టు లెక్క కనుక అది నిజం. పది రోజుల్లో మెమో వచ్చింది. మెమో అంటే తప్పు చూపించి సంజాయిషీ అడిగే కాగితం. సదరు గడిని పరిహాసపూర్వకంగా నింపినందుకు ఏడు రోజుల్లో వివరణ ఇవ్వాలట. ఉత్తరానికి రాని జవాబు, పరిహాసం అనుకున్నదానికి పది రోజుల్లో వచ్చింది. నాలుగు పేజీల వివరణ రాశాను. మొదటి అనే మాటకు రెండు అర్థాలున్నాయని, దాని మీద స్పష్టత కోరుతూ ఫలానా నెంబరు ఉత్తరం పంపానని, పాఠకురాలు మూడో అర్థం కనిపెట్టిందని రాశాను. పుస్తకం అంచు బొమ్మ పెన్సిలుతో గీసి జతచేశాను. "ఫైలు చేయడమైనది" అని మా పై అధికారి రాసి మూసేశారు. నాది సరైనదని రాయలేదు, తప్పని రాయలేదు.

ఆ మెమో ఇంకా రాకముందే, మే ముప్ఫై ఒకటిన హారిక పుస్తకం తెచ్చి ఇచ్చింది. రెండు వందల పన్నెండు నుంచి చివరి దాకా అయిపోయింది. అది అయ్యాక తనంతట తనే మొదటికి వెళ్లింది. తొంభయ్యో పేజీలో చీటీ ఉంది. వంశవృక్షం ఎలా దాటావని మాస్టారు అడిగారు. "వాళ్లందరూ తరవాత ఏమవుతారో నాకు ముందే తెలుసు కదండీ, అందుకని పేర్లు గుర్తున్నయ్" అంది.

ఇంకా నూట ఇరవై రెండు పేజీలు మిగిలాయి. హాస్టల్‌కు తీసుకెళ్లే వీల్లేదు. పధ్నాలుగు రోజులకు మించి పుస్తకం ఎవరికీ ఇవ్వకూడదు. నేను నియమం మీరలేదు. చీటీ తీయకుండా పుస్తకాన్ని నా బల్ల సొరుగులో పెట్టాను. దెబ్బతిన్న పుస్తకాలను మరమ్మతుకని పక్కన ఉంచే అధికారం శాఖా లైబ్రేరియన్‌కి ఉంది. ఆ పుస్తకానికి ఏ దెబ్బా తగల్లేదని ఎవరైనా అర్జీ పెడితే ఒప్పుకునేదాన్ని. ఎవరూ పెట్టలేదు.

హాస్టల్‌వాళ్లు నెలకొక ఆదివారం ఇంటికి పంపేవారు. ఆదివారం ఉదయం మా శాఖ తెరిచే ఉంటుంది. నాంచారమ్మ బల్ల దగ్గర దిగి, బ్యాగు అక్కడే పడేసి మేడెక్కేది. ఒక గంట చదివి వెళ్లేది. ఒకసారి ముప్ఫై పేజీలు, ఒకసారి ఎనిమిది. నిద్ర సరిపోక బల్ల మీద తల పెట్టి పడుకున్న ఆదివారం ఒకటుంది. ఆ రోజు మాస్టారు తన కింద దాచుకున్న పేపరు తీసి ఎండ పడకుండా కిటికీకి అడ్డం పెట్టారు. దసరా సెలవుల్లో రెండు వందల పదకొండో పేజీ అయిపోయింది. పుస్తకం మూసి నా ముందు పెట్టి, రిజిస్టర్ చూపించమంది.

చూపించాను.

"కొట్టేసినా కనపడుతోందండీ."

"కనపడాలి. అది రూలు" అన్నాను.

కొంచెంసేపు ఆ గీత వంక చూసి, పైన ఇంకా ఖాళీగా ఎందుకుందని అడిగింది. ఏం రాయమంటావన్నాను. ఆలోచించి, "పాఠకురాలు అని రాయండి చాలు" అంది. రాశాను. నేను పదకొండు అర్జీల్లో అడిగింది కూడా అంతే. ఒక అడ్డగీత, ఒక పొడి సంతకం, పైన ఒక మాట. నాకు అరనిమిషం పట్టిన పనికి మా కార్యాలయానికి ముప్ఫై ఏళ్లు చాలలేదు.

నేను మూడేళ్ల తరవాత రిటైరయ్యాను. బాధ్యతలు అప్పగించే ముందు చేసే పుస్తకాల లెక్కలో పెద్ద నవల చేతికి వచ్చింది. అంచు చూశాను. మొదటి అగ్గిపుల్ల మందం నలుపు ఎప్పటిలాగే ఉంది. దాని అవతల తెలుపు తగ్గి లేత బూడిదరంగు పట్టింది. మధ్యలో, రెండు వందల పన్నెండు దగ్గర, అన్నిటికంటే నల్లగా ఒక గీత ఉంది. హారిక ఒక్కతే అంత మాపలేదు. తరవాత వచ్చిన పదో తరగతి పిల్లలకు, మరొక రిటైర్డు మాస్టారికి కూడా నేను ఆ పేజీ నుంచే ఇచ్చాను.

ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లకు ఆ వేసవి నేర్పింది చెబుతాను. పెద్ద రచయితది ఏ పుస్తకం ముందు ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబు బీరువాలో ఉండదు, అంచులో కూడా పూర్తిగా ఉండదు. అంచు చెప్పేది జనం ఎక్కడ ఆగారని. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎక్కడ ఆగిందో అది చెప్పదు. అడగాలి. అడిగాక వాక్యం పూర్తయ్యేదాకా నోరు మూసుకోవాలి. నివేదిక నమూనాలో దానికి గడి లేదు. ఒకటి చేర్చమని రాశాను. అది పన్నెండో అర్జీ.